మీరా హుస్సేన్ చూసిన సరుకు

మెహర్ చూపుడు వేలి కొసను నాలిక మీద పెట్టుకుని చూసుకుంది. ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

మళ్ళీ నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళింది. సబ్బు రుద్ది, గోళ్ళ సందుల్లో కొబ్బరినూనె పట్టించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ సబ్బు రుద్దింది. పొద్దుట్నుంచీ ఎదురింటి వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తుంచిన చేతులవి. ఎంత కడిగినా కారం చర్మంలోంచి ఊరుతున్నట్టే ఉంటుంది. ఇంకోసారి నాలికకు ఆనించుకుంది. ఈసారి చప్పగా తగిలింది.

"రారా మాలిక్. తల వాల్చు."

తమ్ముడు మంచం పట్టె మీద మెడ ఆనించి పైకప్పు వైపు చూశాడు. "నాకిన వేలు మళ్ళీ కడిగావా అక్కా?"

"కడిగాను."

"ఎప్పుడు? నాకు కనపడలేదే."

"నీకేం కనపడుతుందిలే."

అన్నాక నాలిక కరుచుకుంది. మాలిక్ మాత్రం నవ్వాడు. పదహారేళ్ళవాడికి ఏ మాటైనా నవ్వుకోవడానికే.

"కనపడకపోవడమేంటి? మీ అందరికంటే నాకే ఎక్కువ కనపడతాయి. నీకు ఒక్క చందమామ. నాకు అరడజను. ఎదురుగా లారీ వస్తే లైట్లకు తోకలు కూడా ఉంటాయి."

మెహర్ అతని ఎడమ కంటి కింది రెప్పను కాస్త లాగి ఒక చుక్క వేసింది. దురద తగ్గించే మందు. నెలల తరబడి ఈ పని ఆమెదే. కుడి కంటికి పోయిన వేసవిలో వైద్యం జరిగింది. నిలవలేదు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర గుండ్రంగా ఉండాల్సింది, అది ముందుకు మొనదేలుతూనే ఉంది. ఇప్పుడు ఎడమ కన్నూ అదే దారి పట్టింది. దానికి సోమవారం హైదరాబాదు ఆస్పత్రిలో రోజు ఇచ్చారు. పొర ఇంకాస్త పలచబడితే ఆ తర్వాత చేద్దామన్నా కుదరదట.

ఇవాళ శుక్రవారం. నాన్న ఇంకా ఊఁ అనలేదు.

చుక్క పడగానే మాలిక్ చెయ్యి దానంతటది లేచింది. మణికట్టు ఎముక కంటి దాకా వచ్చేసింది. మెహర్ గాలిలోనే పట్టుకుంది.

"రుద్దుకోనులే. ఊరికే లేచింది."

"ఊరికే లేస్తుందనే పట్టుకున్నా."

ఈ ఇంట్లో అందరి చేతులూ అలాగే లేస్తాయి. మిరపకాయలు ముట్టుకున్న వేళ్ళు కంటి దగ్గరికి పోకూడదని, దురదొస్తే మణికట్టుతో రుద్దుకోమని, మాటలు వచ్చీ రాని పిల్లలకే నేర్పుతారు. వేలి కొసతో అయితే మెల్లగా తుడుచుకునేవాళ్ళేమో. ఎముకతో రుద్దితే బలమంతా కంటి మీదే పడుతుంది. డాక్టరు చెప్పేదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. మెహర్ వచ్చి అమ్మతో ఆ మాట అన్న రోజు జానీబీ అన్నం ముందు కూర్చుని, కూర్చున్నంతసేపు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

నడవలో గిన్నె పడ్డ చప్పుడైంది. పడిందో, పడేశారో.

"నోరు తెరిచి చెప్పవయ్యా," అంటోంది జానీబీ. "రానంటే రానని చెప్పు. ఇట్లా గోడలా కూర్చుంటే నేనేమనుకోవాలి?"

"చెప్పానుగా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" మీరా హుస్సేన్ గొంతు పెద్దదేమీ కాదు. కానీ ఇల్లంతా వినపడుతుంది. "ఒక కన్ను వాళ్ళ చేతుల్లో పెట్టాం. ఏం చేశారు దాన్ని? పై పొర గీకారు. పచ్చరంగు మందు పోశారు. నీలం లైటు కింద పడుకోబెట్టారు. బిడ్డ మూడ్రోజులు కన్ను తెరవలేక ఏడ్చాడు. చివరికి ఏం మిగిలింది? ఇప్పుడు ఆ రెండోది కూడా గీకించుకు రమ్మంటావా?"

"ఎందుకు నిలవలేదో పిల్ల చెబుతోందిగా."

"పిల్ల! పదో తరగతి చదివి డాక్టరయిందా పిల్ల?"

మెహర్ మందు సీసా మూత బిగించి నడవలోకి వచ్చింది. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు ఆగే ముందు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పేపరు ఉంది గానీ మడత విప్పలేదు.

గుంటూరు మిర్చి యార్డులో మీరా హుస్సేన్‌కు దుకాణం లేదు, కాటా లేదు. ఉన్నదల్లా చూపు. కొనేవాళ్ళు బస్తా మూతి విప్పించి ఆయన్ను పిలుస్తారు. ఆయన గుప్పెడు కాయలు తీసి, చూసి, విరిచి, వాసన పట్టి ఒక మాట చెబుతాడు. ఆ మాట మీద లారీలు కదులుతాయి. "మీరా హుస్సేన్ చూసిన సరుకు" అంటే ఇంకెవరూ బస్తా విప్పనక్కర్లేదని యార్డంతా పేరు.

ఆ మనిషి వారంగా యార్డు ముఖం చూడలేదు. జ్వరమన్నాడు. నిన్న మంచినీళ్ళు ఇస్తూ మెహర్ చెయ్యి తగిలించి చూసింది. ఒళ్ళు చల్లగానే ఉంది.

"ఏమ్మా డాక్టరమ్మా, మళ్ళీ చెప్పు. గీకిన తుక్కులో ఏదో జాతకం చూశారన్నావుగా?"

"జాతకం కాదు నాన్నా. జన్యువులు. పోయినసారి గీకిన పొరను పారెయ్యకుండా దాచారట. నువ్వే సరేనన్నావంట దానికి. అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో, ఏవి ఊరుకున్నాయో చూశారట."

"ఊఁ."

"మంగళగిరిలో నేతవాళ్ళు వీధి పొడుగునా పడుగు దారాలు పరిచి గంజి పెట్టడం చూశాంగా. కంటి పొర కూడా సన్నటి పోగులేనట. ఆ మందూ ఆ లైటూ గంజిలాంటివి. పోగుల్ని గట్టిపరుస్తాయి. తమ్ముడికి గంజి సరిగ్గానే పెట్టారు. కానీ పోగులు తెంపే జన్యువులు వాడి కంట్లో మరీ ఎక్కువ పనిచేస్తున్నాయంట. కట్టి ఉంచేవి మందగించాయంట. ఇటు గంజి పెడుతుంటే అటు తెంపుకుంటూ పోతే ఏం నిలుస్తుంది?"

"అవి వీడికే ఎందుకున్నాయి?"

"అందరికీ ఉంటాయట. అందరిలో మేలుకుని ఉండవు. దురద, వాపు, ఆ రుద్దుడు, మిరప ధూళి, ఇవన్నీ వాటిని లేపుతాయట. అందుకే ముందు చుక్కలు వేయించారు. ఇప్పుడు కన్ను చల్లబడింది. ఇప్పుడు చేస్తే నిలిచే వీలుంది అన్నారు."

"వీలుంది అన్నారా, నిలుస్తుంది అన్నారా?"

మెహర్ అబద్ధం చెప్పలేకపోయింది. "వీలుంది అన్నారు. ఇదింకా కొత్త సంగతి, మేమే చదువుకుంటున్నాం, మాట ఇవ్వలేం అన్నారు."

"విన్నావా?" అన్నాడు మీరా హుస్సేన్ భార్య వైపు తిరిగి.

"కానీ ఊరుకుంటే పోతుందని మాత్రం మాట ఇచ్చారు నాన్నా."

జానీబీ కింద దొర్లిన గిన్నె తీసి, కొంగుతో తుడిచి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే ఉంచుకుంది.

"అసలు ఈ పీడ ఎక్కణ్ణించి వచ్చిందో అందరికీ తెలుసు," అన్నాడు మీరా హుస్సేన్. "దీని తమ్ముడున్నాడుగా, బుడే. వాడి కన్ను చూడండి, సున్నం పూసినట్టు. మా వైపు ముసలివాళ్ళు కూడా సూదిలో దారం ఎక్కించేవాళ్ళు."

జానీబీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఈ మాట ఆవిడకు కొత్త కాదు. మాలిక్ కన్ను మసకబారిన నాటి నుంచీ వింటూనే ఉంది. ఈ మాట మూలంగానే బుడే ఈ గడప తొక్కడం మానేశాడు. ఈమధ్య పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు కూడా రైల్వే స్టేషన్‌కే నేరుగా వచ్చాడు.

"మామయ్య కన్ను కూడా చూశారు నాన్నా," అంది మెహర్ నెమ్మదిగా. "చిన్నప్పుడు పత్తి కట్టె గీసుకుని పుండు పడిన మచ్చంట. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదన్నారు. అందుకే మిమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు. అమ్మ కళ్ళూ చూడాలి, నీ కళ్ళూ చూడాలి. ఒకరు కాదంటుంటే ఇంకొకరి సంతకంతో చెయ్యం, ఇద్దరూ వచ్చి విని, ఒప్పుకుంటేనే అన్నారు."

"నా కళ్ళెందుకు?"

ఆ మాట చాలా తొందరగా వచ్చింది.

మెహర్ తలెత్తి చూసింది. నాన్న పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా లేదు. కానీ ఆయన చూస్తున్నది పెళ్ళిళ్ళ ప్రకటనల పేజీ.

ఆస్పత్రిలో డాక్టరు ఒక ప్రశ్న అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా తల పక్కకు వాల్చి, ఒక కన్ను చికిలించి చూస్తారా?" మెహర్ లేదని చెప్పింది. అప్పటికి నిజంగానే ఎవరూ గుర్తు రాలేదు. తిరుగు ప్రయాణంలో రైలు తప్పిపోయి బస్సెక్కారు. దాచేపల్లి దాటాక సున్నపు దుమ్ము కిటికీల్లోంచి లోపలికి కొడుతుంటే బస్సులో అందరూ కళ్ళు చికిలించుకున్నారు. పక్క సీటాయన తల వాల్చి ఒంటికన్నుతో బయటికి చూస్తున్నాడు. ఆ ముఖంలో మెహర్‌కు నాన్న కనపడ్డాడు. పిడుగురాళ్ళ వచ్చేదాకా ఆమె ఆ ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

అప్పట్నుంచి చూస్తోంది. చైను పాడయిందని నాన్న మూల పెట్టిన టీవీఎస్ బండి చైను ఒకరోజు తాకి చూసింది. బాగానే ఉంది. గ్లాసులో నీళ్ళు పోసుకునేటప్పుడు నాన్న వేలి కొస అంచుకు ఆనించి పెట్టుకుంటాడు. మసీదు దగ్గర ఎవరైనా ముందు పలకరిస్తేనే పలుకుతాడు. చూసినవి చూసినట్టు మనసులో ఉంచుకుంది. పైకి చెప్పడానికి నోరు రాలేదు.

"మీరా! ఉన్నావా లోపల?"

వీధి గేటు దగ్గర గొంతు. చెంచురామయ్య గారిది. ఈ సందు కుడి మొగలో ఉన్న పెద్ద మిర్చి దుకాణం ఆయనదే. మీరా హుస్సేన్ పేపరు మడిచి ఒక్క ఉదుటున లేచాడు. జానీబీ గిన్నెతో వంటింట్లోకి తప్పుకుంది.

చెంచురామయ్య గారు గొడుగు మూసి గోడకు ఆనించి, చంకలోని చిన్న సంచి దించారు.

"జ్వరమన్నావు. ముఖం చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నావే."

"లోపలి జ్వరం లెండి రామయ్య గారూ."

"లోపలి జ్వరానికి యార్డు ఘాటే మందు. నువ్వు రాక నా చేతులు విరిగినట్టుంది. ఇప్పటి కుర్రాళ్ళున్నారే, ఒక చేతిలో కాయ, ఒక చేతిలో సెల్‌ఫోను. కాయ వంక చూస్తారో ఫోను వంక చూస్తారో వాళ్ళకే తెలియదు. అమ్మాయ్, కాస్త టీ చుక్క ఉంటే పొయ్యమ్మా."

"తెస్తాను బాబాయి," అంది మెహర్.

ఆమె టీ పట్టుకొచ్చేసరికి సంచిలోని మచ్చు కాయలు చేటలో పోసి ఉన్నాయి.

"తేజ రకం. ఏసీ గిడ్డంగిలో పెట్టిన సరుకు," అంటున్నారు చెంచురామయ్య గారు. "మచ్చు మాత్రం ఇదే. బస్తాలు బోలెడున్నాయి. ఉన్నదంతా నేనే తీసుకుందామని. అమ్మే పార్టీ నా దుకాణంలో కూర్చుని ఉన్నాడు. నువ్వు ఊఁ అంటే వెళ్ళి ఖాయం చేసేస్తా. నాకా ఈ శుక్లాలొకటి. సీజను అయ్యాక కోయించుకుంటానని అబ్బాయికి మాటిచ్చాను. అందాకా నీ కళ్ళే నా కళ్ళు."

"దానికేముంది."

"వసారాలోకి పోదామా? ఇక్కడ మసకగా ఉంది."

"అక్కర్లేదండీ," అన్నాడు మీరా హుస్సేన్.

చేటలో చెయ్యి పెట్టి కాయల అడుగు దాకా పోనిచ్చాడు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. ఒక కాయ విరిచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చాడు. పొట్టు బొటనవేలితో నలిపి చూశాడు. ఆ కాసేపూ ఆయన కళ్ళు సగం మూతపడి ఉన్నాయి.

"చూశావటమ్మా మీ నాన్న పనితనం! కళ్ళు మూసుకుని కూడా చెప్పేస్తాడు."

మెహర్ టీ గ్లాసు అందించడానికి వంగింది. చేట ఆమె ముఖం కిందే ఉంది.

ఎర్రటి కాయల మధ్య తాలు. ఎండేటప్పుడు రంగు చచ్చి తెల్లబారిన కాయలు. ఒకటీ అరా అయితే ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ చెయ్యి పెట్టిన చోటల్లా ఉన్నాయి. మచ్చులోనే ఇంత ఉంటే బస్తాల్లో ఎంతుంటుందో మిరపకాయల మధ్య పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎండు చెవికి తెలుస్తుంది, ఘాటు ముక్కుకు తెలుస్తుంది. తాలు మాత్రం కంటికే తెలుస్తుంది.

"ఎండు బాగుంది. ఘాటు గట్టిగా ఉంది," అన్నాడు మీరా హుస్సేన్.

"తాలు?"

నాన్న తల కొంచెం ఎడమకు వాలింది. కుడి కన్ను చికిలింది.

"తాలెక్కడుందండీ? ఏరి పోసినట్టుంది. తీసుకోండి."

మెహర్ ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చి అక్కడే కాలింది. బయటి మనిషి ముందు నాన్న నోట్లోంచి వచ్చిన మాటను కూతురు ఎలా కొట్టిపారేస్తుంది? ఆమె చెయ్యి మాత్రం చేటలోకి వెళ్ళింది. సర్దుతున్నట్టుగా ఒక తెల్లకాయ తీసింది. ఇంకొకటి. ఇంకొకటి. పిడికిలి నిండింది.

తాలు పొట్టు పలచన. కాగితం నలిగినట్టు చిన్న చప్పుడైంది.

మీరా హుస్సేన్ ముఖం ఆ చప్పుడు వైపు తిరిగింది. పెదవులు విడివడ్డాయి, మళ్ళీ మూసుకున్నాయి.

చెంచురామయ్య గారు టీ ఊదుకుంటూ తాగి గ్లాసు కింద పెట్టారు. "ఈ కాయలు ఉంచుకోండమ్మా, పచ్చట్లోకి వస్తాయి. వస్తా మీరా. పార్టీతో చెప్పేస్తా, మీరా హుస్సేన్ చూసిన సరుకు, ఇంక మాటల్లేవు అని." గొడుగు తీసుకుని, విప్పుకుని, మెల్లగా మెట్లు దిగారు. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఒక్కో మెట్టుకూ ఒక్కో మూలుగు.

గేటు మూసుకుంది.

"ఏం తీశావు?" అన్నాడు మీరా హుస్సేన్.

మెహర్ పిడికిలి ఇంకా బిగించింది.

"చేటలోంచి ఏదో తీశావు. చప్పుడైంది. ఏంటది?"

ఆమె పిడికిలి విప్పింది. ఆయన ఆమె అరచేతిని చూడలేదు. ఆమె ముఖాన్నే చూస్తున్నాడు, అదైనా సరిగ్గా ఆనుతోందో లేదో.

"తాలు నాన్నా."

వంటింటి గుమ్మంలో జానీబీ ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. వచ్చి కూతురి చేతిలోంచి ఒక కాయ తీసుకుంది. భర్త ఎదురుగా నిలబడి దాన్ని ఎత్తి పట్టుకుంది.

"ఇదేం రంగయ్యా?"

"ఏంటే ఈ ఆటలు?"

"రంగు చెప్పమన్నాను."

మీరా హుస్సేన్ తల వాల్చాడు, ఎత్తాడు, మళ్ళీ వాల్చాడు. చేత్తో తాకబోయాడు. జానీబీ కాయను వెనక్కి లాగింది.

"అట్లా కాదు. చూసి చెప్పు."

ఆయన చెయ్యి దించేసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇటివ్వమ్మా," అంటూ మాలిక్ లోపల్నుంచి వచ్చాడు. కాయను ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఇంత దగ్గరగా అయితే నాకు తెలుస్తోంది. కొంచెం దూరం జరిపితే చుట్టుపక్కల ఎరుపు దీని మీదికి పాకుతుంది." కాయను అమ్మ చేతిలో పెట్టేశాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. గొంతులో నవ్వు లేదు. "అందుకా నాన్నా?"

"ఏది అందుకు?"

"సెలవులొస్తే చాలు నన్ను యార్డుకు తీసుకెళ్ళేవాడివిగా. బస్తా విప్పగానే 'ఒరేయ్, ఇందులో తాలెంతుందో చెప్పు' అని అడిగేవాడివి. నేను చెబితే 'శభాష్' అనేవాడివి. తర్వాత అదే మాట నువ్వు వాళ్ళకు చెప్పేవాడివి. నాకు పని నేర్పుతున్నావనుకున్నా."

బయట ఐస్ బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు.

"నేర్పాను కూడా," అన్నాడు మీరా హుస్సేన్.

ఆ మాట ఆయనకే బలంగా వినపడలేదు కాబోలు, కుర్చీ చెయ్యి తడుముకుని కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?" అంది జానీబీ.

"వీడంత ఉన్నప్పుడే మసకగా ఉండేది. తర్వాత ఆగిపోయింది. ఎండలో బాగానే తెలిసేది. ఈ నాలుగైదేళ్ళ నుంచే... ఎండలో కూడా..." మణికట్టు పైకి లేచింది. కంటి మీద రుద్దుకోబోయి, అందరూ తన చేతినే చూస్తున్నారని తెలిసినట్టు దించేశాడు. "యార్డులో తెలిస్తే ఏమవుతుందో తెలుసా మీకు? నా దగ్గర ఇంకేముంది? రేపు ఎవడు పిలుస్తాడు నన్ను? ఆ ఆస్పత్రి వరండాలో సగం మంది మన గుంటూరు వాళ్ళే ఉంటారు. నేను ఆ మిషను మీద గడ్డం ఆనించిన సాయంత్రానికి ఇక్కడ యార్డు వేలంపాటలో చెప్పుకుంటారు."

"అందుకని వాడి కన్ను పోనిస్తావా?"

"పోనిస్తానని నేనెప్పుడన్నాను? నిలుస్తుందని వాళ్ళకే నమ్మకం లేకపోతే..."

"అది కాదు నేనడిగింది."

మీరా హుస్సేన్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఈ సీజను గడవనివ్వండి," అన్నాడు. "రంజాన్ అయ్యాక చూద్దాం. నేనే తీసుకెళతా."

"అప్పటికి పొర ఉండదు నాన్నా," అంది మెహర్.

"నువ్వు నోర్ముయ్. నలుగురూ నోళ్ళు మూసుకుంటే ఇది ఈ ఇంట్లోనే ఉంటుంది. రామయ్య గారి సరుకు సంగతి నేను చూసుకుంటాను. ఏదో చెబుతాను. ఏసీలో రంగు మారిందంటాను."

ఇక అమ్మ అరుస్తుందని మెహర్ అనుకుంది. ఇన్నాళ్ళూ పుట్టింటి రక్తమని పడ్డ మాటలన్నీ ఇప్పుడు వడ్డీతో సహా తిరిగొస్తాయనుకుంది. గడప తొక్కడం మానేసిన బుడే మామయ్య, ముట్టని అన్నం కంచం, అన్నీ వరసగా బయటికొస్తాయని చూసింది. ఆ మాటలేవో వస్తే వినడానికే అన్నట్టు నాన్న కూడా తల వంచుకుని కూర్చున్నాడు.

జానీబీ కొడుకు దగ్గరికి వెళ్ళింది.

మాలిక్ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని ఎడమ కన్ను వైపు చూసింది. చుక్కల తడి ఇంకా రెప్పల అంచున ఉంది. కొంగుతో అద్దబోయి, కారపు కొంగని గుర్తొచ్చి మానేసింది. తర్వాత మెహర్ దగ్గరికొచ్చి, ఆమె పిడికిలి విప్పి, ఆ తాలు కాయలన్నీ తీసుకుంది. తన చేతిలోని కాయ కూడా కలిపి కొంగు చివర మూట కట్టింది. ముడి గట్టిగా బిగించింది. కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది.

గేటు గడియ చప్పుడైంది.

మీరా హుస్సేన్ కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. మాలిక్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎడమకు పోతే బస్టాండు, బుడే ఊరికి బస్సులు అక్కడే ఆగుతాయి. కుడికి పోతే చెంచురామయ్య గారి దుకాణం.

వీధిలో ఎండ తెల్లగా మండుతోంది. తండ్రీ కొడుకూ ఇద్దరూ తలలు ఒకే పక్కకు వాల్చి, ఒకే కన్ను చికిలించి ఆ ఎండలోకి చూస్తున్నారు.

"ఎటు తిరిగిందమ్మా?" అన్నాడు మీరా హుస్సేన్. "మెహర్, ఎటు తిరిగింది మీ అమ్మ?"

మెహర్‌కు అంతా స్పష్టంగా కనపడుతోంది. సందు కుడి మొగకు ఇంకా కొంచెం దూరంలో నల్ల గొడుగు ఒకటి మెల్లగా నడుస్తోంది. దాని వెనకాల, కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుని, అమ్మ అడుగుల వేగం పెంచింది.